తలుపు కంటే పెద్ద రేడియో

ఆ ఆదివారానికి తాతయ్య వేసుకున్న పథకమంతా ఒక చిన్న కాగితం ముక్క మీద పట్టేసింది. ఎనిమిదింటికి పాత ఇనుప సామాన్లాయన వచ్చి ఏనుగును చూసి వెళ్తాడు. తొమ్మిదింటికి కొత్త రేడియోలో గడియారాల మేస్త్రీతో మాట్లాడాలి. పదకొండింటికి ఏనుగు బయటికి. ఆ కాగితం అడుగున నానమ్మ తన చేతిరాతతో ఇంకో ముక్క చేర్చింది: "పన్నెండింటికి ఆ గది కడగడం."

ఏనుగు అంటే రేడియోయే. పాటలు వినే రేడియో కాదు, ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్న మనిషిని పిలిచి మాట్లాడే రేడియో. తాతయ్య పాతికేళ్ళ వయసులో, టెలిఫోన్ ఆఫీసులో పని చేసే రోజుల్లో సొంత చేతులతో కట్టుకున్నాడు. బీరువా అంత ఎత్తు, నాలుగు ఇనుప కాళ్ళు, ముందు ఒక గాజు కిటికీ, ఆ కిటికీ వెనక పిడికిలంతేసి గాజు వాల్వులు. ఆన్ చేస్తే వెంటనే పలకదు. ఐదు నిమిషాలు వేడెక్కి, వాల్వులన్నీ నారింజ రంగులో వెలిగాక, గొంతు సవరించుకుంటున్నట్టు ఒకసారి గుర్రుమని, అప్పుడు నోరు తెరుస్తుంది. ఆ వెలుగులోనే తాతయ్య కొడుకు చిన్నప్పుడు లెక్కలు చేసుకునేవాడట. చలికాలంలో దాని వీపు మీద సాక్సులు ఆరేసేవారట.

ఆ తర్వాత సామాను ఏటేటా చిక్కిపోతూ వచ్చింది. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాక కుట్టుమిషనంత పెట్టె ఒకటి ఇంట్లోకి వచ్చింది. నానమ్మ దానికి దూడ అని పేరు పెట్టింది. దాన్ని ఒక్క మనిషి మోయగలడు, కాకపోతే మోశాక రెండు రోజులు నడుం పట్టుకుని తిరగాలి. దూడను కాలేజీకి ఇచ్చేశాక నిఘంటువంత కుందేలు వచ్చింది. మొన్న కుందేలును మార్చి తెచ్చుకున్నది సబ్బుపెట్టెంత ఉంది. బ్యాటరీ, మైకు, స్పీకరు అన్నీ దాని కడుపులోనే. గాలిలోంచి మాటలు పట్టే తీగ కూడా రెండు మూరలు చాలు. పోస్టులో, కవర్లో వచ్చింది.

నానమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "చుంచు" అంది. "ఇంకో పదేళ్ళు పోతే మీ సామానంతా నా చెవిదుద్దులో పెట్టుకుని తిరగొచ్చు. మరి ఈ ఏనుగెందుకండీ మనకి?"

దీనికి తాతయ్య దగ్గర జవాబు లేదు. చిన్నది పనిచేస్తే పెద్దదాన్ని పంపించేస్తానని ఆయన ఎప్పుడో మాటిచ్చేసి ఉన్నాడు.

జవాబు ఉన్నది మనవరాలి దగ్గర. ఆ పిల్ల నోరు విప్పితేగా! పదో తరగతి చదువుతోంది. బళ్ళో హాజరు పలికితే టీచరు తలెత్తి, "వచ్చావా, రాలేదా?" అని రెండోసారి అడగాల్సిందే. అందుకే అందరూ గుసగుస అని పిలిచేవారు. రేడియో లైసెన్సు పరీక్ష మాత్రం తాతయ్య దగ్గర నేర్చుకుని మంచి మార్కులతో గట్టెక్కింది. రాయడం, టకటకమని తంతి సంకేతాలు మీట మీద కొట్టడం తప్ప అందులో మాట్లాడే పని లేదు మరి. లైసెన్సు వచ్చి నెల దాటినా గాలిలోకి ఒక్క మాట వదల్లేదు. గడియారాల మేస్త్రీ ప్రతి ఆదివారం "మనవరాలేదీ?" అని అడగడం, ఆమె తలుపు వెనక్కి జరగడం మామూలైపోయింది. ఆ మేస్త్రీ వేరే ఊళ్ళో గడియారాలు బాగుచేస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆదివారం తొమ్మిదింటికి తాతయ్యతో మాట్లాడుతున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు.

"ఏనుగును పంపొద్దు తాతయ్యా." ఈ మూడు మాటలు వారం రోజులుగా గుసగుస గొంతులో అడ్డంపడి ఉన్నాయి. ఇవాళ పదకొండింటిలోగా బయటికి రాకపోతే ఇక వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఎనిమిదింటికి ఇనుప సామాన్లాయన టేపు పట్టుకుని వచ్చాడు. ఏనుగును కొలిచాడు. గది తలుపును కొలిచాడు. మళ్ళీ ఏనుగును కొలిచాడు.

"పెద్దాయనా, ఇది తలుపు కంటే పెద్దది. లోపలికెలా వచ్చింది?"

"ఇది వచ్చాకే తలుపొచ్చిందయ్యా. ముందు దీన్ని నిలబెట్టి, తర్వాత చుట్టూ గది కట్టాం. ఓవర్."

తాతయ్యకు అదొక అలవాటు. రేడియోలో తన మాట అయిపోయిందని, ఇక అవతలివాళ్ళ వంతని చెప్పడానికి అనే ఓవర్‌ను ఆయన అన్నం దగ్గరా, మంచం దగ్గరా కూడా వాడేస్తాడు. నానమ్మ ఏనాడూ ఆ ఓవర్ దాకా ఆగి ఎరగదు.

"అయితే ద్వారబంధం పీకాలి" అన్నాడు ఇనుప సామాన్లాయన. "సుత్తి తెచ్చుకుని పదకొండింటికొస్తా. ఈలోగా ఈ విడి సామాను తీసుకుపోతా." మూల పడున్న తుక్కంతా గోనెసంచిలో వేసుకుని భుజాన పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకి నానమ్మ కాలనీ సంఘం మీటింగుకి బయల్దేరింది. ఆవిడే కార్యదర్శి. మేడ మీద ఏనుగు కోసం కట్టిన పొడుగాటి తీగ అసహ్యంగా ఉందని నలుగురూ అర్జీ పెట్టారు. ఏనుగుతో పాటు తీగ కూడా పోతుందని కాగితం మీద రాసుకుని, చదివి వినిపించడానికి వెళ్తోంది. బల్ల మీది కళ్ళజోడు పెట్టె అందుకుని, సంచిలో పడేసుకుని, "నేనొచ్చేసరికి ఆ గదిలో గాలి ఆడాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా తాతయ్య కుర్చీలో సర్దుకుని కూర్చుని, చుంచు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి బల్లకు తగిలింది.

"అమ్మడూ, చుంచేదీ?"

గుసగుస తల అడ్డంగా ఊపింది, తెలీదన్నట్టు.

"ఇక్కడే పెట్టానే! పొద్దున ఆన్ చేసి, సౌండు ఫుల్లుగా పెట్టి, జాగ్రత్తగా ఇక్కడే..." తాతయ్య బల్ల కిందికి వంగాడు. పరుపు ఎత్తాడు. చెప్పులు బోర్లించి దులిపాడు. చెత్తబుట్ట తెచ్చి వరండాలో కుమ్మరించి, వేళ్ళతో కెలికాడు. "ఇవాళ ఏంటో ఏదీ సరిగా ఆనట్లేదు. మంచు పడుతోందా బయట?"

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. తాతయ్య మొహంలో ఏదో తేడాగా ఉందని గుసగుసకు అనిపించింది. అదేమిటో తెలియలేదు. తెలిసినా చెప్పేది కాదు.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తొమ్మిదింటికి తాతయ్య రేడియో ముందు లేడు.

"గోనెసంచి!" అని ఒక్క కేక పెట్టాడు. "తుక్కుతో పాటు ఊడ్చుకుపోయాడు!"

కాళ్ళకు రెండు వేరు వేరు చెప్పులు తొడుక్కుని వీధిన పడ్డాడు. వెనక గుసగుస పరుగు. ఇనుప సామాన్లాయన మలుపు దగ్గర తోపుడుబండి ఆపుకుని చెమట తుడుచుకుంటున్నాడు.

"సంచి దించు" అన్నాడు తాతయ్య, రొప్పుతూ.

"ఏం పోయింది పెద్దాయనా?"

"చుంచు పోయింది!"

ఇనుప సామాన్లాయన ఒక్క గంతులో బండికి అవతల పడ్డాడు. "బతికుందా?"

"ఆన్‌లో ఉంది. సౌండు ఫుల్లు. ఓవర్."

సంచిని నడివీధిలో బోర్లించారు. సైకిళ్ళు ఆగాయి. పాలబండి ఆగింది. తాతయ్య ఒక్కొక్కటే ఎత్తి చూడసాగాడు. చూడటం మొదలెట్టాక చుంచు సంగతి మెల్లగా వెనకబడింది.

"ఇదేంటో తెలుసా? దీన్ని తేవడానికి మూడు బస్సులు మారాను. ఒళ్ళో పెట్టుకుంటే పంట్లాం చిరిగింది. ఇదిగో ఈ తీగచుట్ట మీ నానమ్మ చుట్టింది, ఏనుగులో ఉన్నదానికి జోడు. వేళ్ళు బొబ్బలెక్కాయి పాపం, నూట పది చుట్లు, లెక్క తప్పలేదు. ఈ మైకు... ఏనుగు మైకిచ్చేశావేంటయ్యా, ఇది నేనమ్మలేదు!"

"మీరే తుక్కులో పడేశారు" అన్నాడు ఇనుప సామాన్లాయన. "ముందు నన్ను దొంగన్నారు. ఇప్పుడిదా!"

"దొంగనలేదు, సంచి దించమన్నాను."

"నడివీధిలో సంచి దించమంటే ఏమిటండీ అర్థం? చూసేవాళ్ళేమనుకుంటారు?"

చివరకు ఆ తుక్కంతా తిరిగి ఇంటికే వచ్చింది. సబ్బుపెట్టెంత వస్తువు కోసం వెళ్ళిన తాతయ్య మనిషంత బరువుతో వచ్చాడు. సంచి మోసింది మాత్రం ఇనుప సామాన్లాయనే. తన సంచిలో ఆ చుంచు లేదని తేలేదాకా కదలనని వరండాలో కూర్చున్నాడు.

తాతయ్య సంచిలోంచి మైకు తీసి దుమ్ము దులిపాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"పిలుద్దాం. అది ఆన్‌లో ఉంది కదా! ఎవరూ మాట్లాడనప్పుడు నోరు మూసుకుని ఉంటుంది, గొంతు వినపడితే అరుస్తుంది. తీగ చాపలేదు కాబట్టి దూరపు గొంతులు దానికి అందవు, దగ్గర్లో మన గొంతు అందుతుంది. మనం మాట్లాడితే అదెక్కడున్నా మన గొంతుతోనే అరుస్తుంది."

"మాట్లాడ్డానికి రేడియో ఉండాలిగా?" అన్నాడు ఇనుప సామాన్లాయన.

ముగ్గురూ ఏనుగు వైపు చూశారు.

మైకు తగిలించి, మీట పైకి నెట్టగానే ఇంట్లో దీపాలన్నీ ఒకసారి కళ్ళు మూసి తెరిచాయి. ఐదు నిమిషాలు. గాజు కిటికీ వెనక ఒక్కో వాల్వూ ఎర్రబడి, నారింజ రంగుకి తిరిగింది. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పరుచుకుంది. ఇనుప సామాన్లాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏనుగు గుర్రుమంది.

"నేను ఇల్లంతా చెవులొగ్గి తిరుగుతాను" అన్నాడు తాతయ్య. "లైసెన్సు లేనివాళ్ళు మైకు ముట్టుకోకూడదు కాబట్టి ఈయన వద్దు. అమ్మడూ, నువ్వు మాట్లాడు."

గుసగుస ఒక అడుగు తలుపు వెనక్కి జరిగింది.

"ఎవరూ వినరు తల్లీ. వింటే ఆ చుంచొక్కటే వింటుంది. బొత్తాం నొక్కి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఆపావంటే నేను దాని జాడ పట్టుకోలేను. ఆపకు!"

తలుపు మూసుకుంది. గదిలో ఆమె, ఏనుగు. బొత్తాం నొక్కితే తన మాట బయటికి పోతుంది, అవతలి మాట లోపలికి రాదు. అది కాస్త ధైర్యం. కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గాలిలో పేరు, చెప్పింది, పరీక్షలో రాసినట్టే, ఒక్కో అక్షరం. తర్వాత కళ్ళు మూసుకుంది.

"హలో... ఇది నేను. చుంచూ, వింటున్నావా? తాతయ్య ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. ఏం మాట్లాడాలో తెలీట్లేదు. నువ్వు మంచిదానివే. చిన్నదానివి. కానీ నిన్ను ఆన్ చేస్తే ఏదీ వెలగదు, వెంటనే పనిచేస్తావు. ఏనుగైతే ఐదు నిమిషాలు ఆగాలి. తాతయ్య నాకు చెప్పిన కథలన్నీ ఆ ఐదు నిమిషాల్లో చెప్పినవే. నీకు ఆగే పనే లేదు. ఇంక కథలెప్పుడు చెప్తాడు?"

ఒక మాట వచ్చాక దాని వెనకే ఇంకోటి వచ్చింది. పద్నాలుగేళ్ళ మాటలు క్యూలో నిలబడి ఉన్నాయేమో, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"నానమ్మ దీన్ని పంపేయమంటుంది గానీ, శనివారం ఎవరూ లేనప్పుడు మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. తను చుట్టిన తీగచుట్ట దగ్గర మరీ మెల్లిగా. నేను చూశాను. ఆదివారం మేస్త్రీగారు మాట్లాడేటప్పుడు వంటింట్లో కుళాయి కట్టేస్తుంది. అదేంటంటే నీళ్ళు ఆదా అంటుంది. వినపడాలనే కట్టేస్తుంది. తీగ అసహ్యంగా ఉందని అర్జీ పెట్టారు కదా, అందులో మొదటి సంతకం పక్కింటి టైలరు పిన్నిది. పిన్ని చీరలు ఆరేసేది ఆ తీగ మీదే! ఎదురింటి హెడ్మాస్టరుగారేమో తీగ వల్ల టీవీలో గీతలొస్తున్నాయన్నారు. ఆయన టీవీ పాడైపోయి రెండు నెలలైంది. అందుకే పొద్దున్నే మా గుమ్మంలోంచి పేపరు తీసుకెళ్ళి, చదివేసి, మళ్ళీ మడతపెట్టి వేస్తారు. గళ్ళ నుడికట్టు కూడా పూర్తి చేసేస్తారు. నిలువు రెండు ఎప్పుడూ తప్పే. నాకన్నీ తెలుసు. చెప్పాలంటే సిగ్గు. ఇంకోటి, మెట్ల మీద పూలకుండీ పగలగొట్టింది పిల్లి కాదు. నేనే. పిల్లిని తిట్టొద్దు. ఇంకా... ఏనుగును పంపొద్దు. అంతే. ఓవర్."

బొత్తాం వదిలింది. అప్పుడు ఏనుగు కడుపులోంచి, దూరాన, కాస్త వణుకుతూ ఒక గొంతు పలికింది.

"ఆ ఓవర్ కోసమే ఎదురుచూస్తున్నానమ్మా! నేను, గడియారాల మేస్త్రీని. తొమ్మిదింటికి మీ తాతయ్య రాకపోయేసరికి షాపులో గడియారాలన్నీ తప్పు నడుస్తున్నాయేమోనని అరవై గడియారాలూ సరిచూసుకున్నాను. చివరకు మనవరాలు దొరికింది. గొంతు గంటలా ఉంది తల్లీ. ఏనుగు బాగుందా? ఓవర్."

గుసగుస మైకు వైపు చూసింది. బొత్తాం నొక్కింది. "బాగుంది మేస్త్రీగారూ" అంది. ఆ మాట బయట వరండాలో ఉన్న ఇనుప సామాన్లాయనకు తలుపులోంచి వినపడింది.

సంఘం హాల్లో ఏం జరిగిందో తర్వాత టైలరు పిన్ని చెప్పగా తెలిసింది. హాలు వీధి చివరే. నానమ్మ కాగితం పట్టుకుని లేచి నిలబడి, "మా ఇంటి తీగ విషయమై" అని, కళ్ళజోడు పెట్టుకుందామని పెట్టె తెరిచిందట. పెట్టెలోంచి "హలో... ఇది నేను" అని వినపడిందట. నానమ్మ ఠక్కున మూసేసింది. మూసినా ఆగలేదు. మళ్ళీ తెరిచి, కనపడిన మీటనల్లా తిప్పింది. సౌండు ఇంకా పెరిగింది. "ఆపవే తల్లీ, ఆపవే!" అని నానమ్మ కళ్ళజోడు పెట్టెను బతిమాలుకుంటుంటే ఇరవై మందీ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారట. నిలువు రెండు దగ్గరికి వచ్చేసరికి హెడ్మాస్టరుగారు తలెత్తి సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలెట్టారట. చీరల సంగతి మాత్రం టైలరు పిన్ని చెప్పలేదు. అది నానమ్మ చెప్పింది.

పదకొండుకు పది నిమిషాలుండగా ఊరేగింపులా వచ్చారందరూ. ముందు నానమ్మ, కళ్ళజోడు పెట్టెను రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని. వెనక టైలరు పిన్ని. ఆ వెనక హెడ్మాస్టరుగారు, చేతిలో మడత పెట్టిన పేపరు. ఆఖర్న తాతయ్య. మనవరాలి గొంతు వింటూ వింటూ హాలు కిటికీ దాకా వెళ్ళి, జాడ పట్టేసినా, పూర్తిగా విందామని అక్కడే నిలబడిపోయాడట. గుమ్మంలో ఇనుప సామాన్లాయన ఈలోగా తెప్పించుకున్న సుత్తితో సిద్ధంగా ఉన్నాడు.

నానమ్మ నేరుగా ఏనుగు గదిలోకి వచ్చింది. గుసగుస తలుపు వెనక తలుపైపోయింది.

"ఎవరే నువ్వు? ఇన్ని మాటలు మాట్లాడే పిల్ల మా ఇంట్లో ఎవరూ లేదే!"

"నానమ్మా..."

"నేను తుడవడం ఎవరు చూడమన్నారు నిన్ను?" అని, జవాబు వినకుండానే వెనక్కి తిరిగింది. "ఏమండీ, ఈ చుంచు నా పెట్టెలోకెలా వచ్చింది? నా కళ్ళజోడేదీ?"

"అంత నాజూకైన వస్తువు దెబ్బ తింటుందని ఏదైనా పెట్టెలో పెడదామనుకున్నానే. సరిగ్గా పట్టింది. అందులో ఉన్న కళ్ళజోడు తీసి..." తాతయ్య ఆగాడు. అందరూ ఆయన మొహం వైపు చూస్తున్నారు. ముక్కు మీద నానమ్మ కళ్ళజోడు తళతళలాడుతోంది. "ఓహో, అందుకా పొద్దున్నుంచీ లోకమంతా మంచు పట్టినట్టుంది! ఓవర్."

నానమ్మ ఈసారి ఓవర్ అయ్యేదాకా ఆగింది. అదే భయపెట్టింది తాతయ్యను. ఆవిడ కళ్ళజోడు లాక్కుని, తొడుక్కుని, ఏనుగును కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. వాల్వులు ఇంకా వెలుగుతున్నాయి.

"నలభై ఎనిమిదేళ్ళు" అంది. "ఇన్నేళ్ళలో ఇది ఒక్కసారైనా కనపడకుండా పోయిందా? కళ్ళజోడు పెట్టెలో దూరి మీటింగులో పరువు తీసిందా?"

"లేదే" అన్నాడు తాతయ్య.

"మరి ఎందుకు పంపిస్తున్నారు?"

"నువ్వే కదా..."

"నేనంటే మాత్రం! నేనన్న మాటలన్నీ ఎప్పుడైనా విన్నారా, ఇదొక్కటే వినడానికి?" అని ఇనుప సామాన్లాయన వైపు తిరిగింది. "ఆ సుత్తి లోపల పెట్టండి బాబూ. తలుపు పీకనక్కర్లేదు."

ఇనుప సామాన్లాయన మొహం చిన్నబోయింది. "పొద్దున్నుంచీ ఒక్క ముక్క ఇనుము దొరకలేదమ్మా. ఉన్న సంచి కూడా పోయింది."

"హెడ్మాస్టరుగారింట్లో పాత టీవీ ఉందిగా, అది తీసుకెళ్ళండి" అంది నానమ్మ. హెడ్మాస్టరుగారు పేపరు అక్కడే బల్ల మీద పెట్టేసి, దారి చూపించడానికి ముందు నడిచారు. తీగ ఊసు ఆ తర్వాత మీటింగుల్లో ఎవరూ ఎత్తలేదు. టైలరు పిన్ని మాత్రం చీరలు ఆరేసేముందు కింద నుంచి, "ఇప్పుడు మాట్లాడుతున్నారా?" అని అడగడం మొదలుపెట్టింది.

పై ఆదివారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు గుసగుస మీట పైకి నెట్టింది. దీపాలు కళ్ళు మూసి తెరిచాయి. తాతయ్య కుర్చీ జరుపుకుని, మూడు బస్సులు మారి వచ్చిన కథ మళ్ళీ మొదలుపెట్టాడు. వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడైంది. తొమ్మిది కొట్టగానే ఏనుగు గుర్రుమంది. గుసగుస మైకు అందుకుంది.

చుంచు మళ్ళీ ఎక్కడికీ పోలేదు. నానమ్మ దాన్ని గొలుసుతో ఏనుగు కాలికి కట్టేసింది.